సీసంలో కుంచె పరుగు

1953లో ఫ్రాన్సు దక్షిణ తీరాన, మార్సే నగరంలోని ఫోండరీ ఒలివ్ అనే అచ్చక్షరాల సంస్థ ఒక కొత్త టైపును బజారులోకి తెచ్చింది. పేరు మిస్ట్రాల్. ఆ ప్రాంతం మీదుగా మధ్యధరా సముద్రం వైపు ఉరవడిగా వీచే చలిగాలి పేరే దానికి పెట్టారు. దాన్ని గీసిన రోజే ఎక్స్‌కోఫోన్ 1910లో ఆ ఊళ్లోనే పుట్టాడు. న్యాయశాస్త్రం చదివి, మనసు దాని మీద నిలవక, బొమ్మలు వేసుకోవడానికి పారిస్ చేరినవాడు. తన సొంత చేతిరాతనే ఆధారం చేసుకుని ఆ టైపును తీర్చాడు. మైక్రోసాఫ్ట్ వర్డ్ వాడినవాళ్లు చాలామంది ఫాంట్ల పట్టీలో దీన్ని చూసే ఉంటారు. 2011లో వచ్చిన ‘డ్రైవ్’ అనే హాలీవుడ్ సినిమా టైటిల్స్‌లో గులాబీ రంగులో కనిపించే అక్షరాలూ ఇవే.

చూస్తే ఎవరో ఇప్పుడే గబగబా రాసి వెళ్లినట్టు ఉంటుంది. ఒక అక్షరం తోక పక్క అక్షరంలోకి దూరిపోతుంది. కొన్ని గీత మీద నిలబడితే కొన్ని కాస్త కిందికి జారతాయి. అంచులు నున్నగా ఉండవు, ఆరిపోతున్న సిరాను కాగితం మీద లాగినట్టు గరుకుగా ఉంటాయి. కానీ అప్పట్లో అదంతా సీసపు దిమ్మెలతో వేసిన అచ్చు. ఏ అక్షరానికి ఆ అక్షరం విడి దిమ్మె. వాటిని పక్కపక్కన పేర్చి, ఎక్కడా చేయి ఎత్తకుండా రాసినట్టు కనిపించేలా చేయాలి. కుంచె రాతను పోలిన ఫాంట్లన్నిటికీ, ఈనాటి కంప్యూటరు ఫాంట్లతో సహా, అసలు చిక్కు ఇక్కడే ఉంది. రాయడానికి కాలం పడుతుంది. ఫాంటులో కాలం ఉండదు. చేయి ఎక్కడ తొందరపడిందో, ఎక్కడ నెమ్మదించిందో, ఎక్కడ ఒత్తిందో, ఆ జాడనంతా కదలని ఆకారంలోకి దించాలి. ఇది కళే, కానీ దీని వెనక చాలా విజ్ఞానం ఉంది.

ముందు కుంచె సంగతి. ఒక గాజుగ్లాసులో నీళ్లు పోసి, మెత్తటి రౌండ్ బ్రష్ అందులో ముంచి పక్కనుంచి చూడండి. నీళ్లలో ఉన్నంతసేపూ వెంట్రుకలు విచ్చుకుని విడివిడిగా ఉంటాయి. పైకి తీయగానే అన్నీ ఒక్కటై సూదిమొనలా దగ్గరికి వచ్చేస్తాయి. తడి వల్లే అతుక్కున్నాయని అనుకుంటాం. నీళ్లలో ఉన్నప్పుడు అంతకన్నా ఎక్కువ తడిసే ఉన్నాయి కదా, మరి అప్పుడెందుకు అతుక్కోలేదు? ఇంగ్లండుకు చెందిన భౌతికశాస్త్రవేత్త సి.వి.బాయ్స్ సబ్బుబుడగల మీద పిల్లలకు చెప్పిన ఉపన్యాసాలు 1890లో పుస్తకంగా వచ్చాయి. ఆయన మొదలుపెట్టింది ఈ ప్రయోగంతోనే. దగ్గరికి లాగేది తడి కాదు, నీటి ఉపరితలం. నీటికీ గాలికీ మధ్య ఉన్న పొర తన వైశాల్యాన్ని వీలైనంత తగ్గించుకోవాలని చూస్తుంది. దాన్నే తలతన్యత అంటాం. నీళ్ల లోపల వెంట్రుకల మధ్య అలాంటి పొర లేదు, అందుకే లాగే బలమూ లేదు.

ఈ తలతన్యత వల్లే కుంచె కలంలా కాకుండా ప్రాణమున్న పనిముట్టు అయింది. కాగితం మీద ఒత్తితే వెంట్రుకలు వంగి, పొట్ట విచ్చుకుని, గీత లావెక్కుతుంది. పైకి లేపుతుంటే వెంట్రుకల సాగుగుణం, తలతన్యత రెండూ కలిసి మొనను మళ్లీ కూడగడతాయి, గీత సన్నబడుతూ వెళ్లి ఆగిపోతుంది. రౌండ్ బ్రష్‌తో గీసిన గీతలో లావూ సన్నమూ ఒత్తిడిని బట్టి వస్తాయి. ఫ్లాట్ బ్రష్ దారి వేరు. దాని వెడల్పు మారదు. ఏ దిక్కుకు లాగామో, చేతిలో ఎంత తిప్పామో దాన్ని బట్టి గీత మందం మారుతుంది. బోర్డులు రాసే ఆర్టిస్టులు రెండింటినీ వాడతారు. అక్షరం చివర వేళ్ల మధ్య ఫ్లాట్ బ్రష్‌ను కొద్దిగా మెలిపెట్టి వాళ్లు తీసే కొసను కంప్యూటరు మీద గీయడం ఎంత కష్టమో గీసినవాళ్లకే తెలుస్తుంది.

ఈ మెలిక చాలా పాతది. రోమ్ నగరంలో క్రీస్తుశకం 113లో నిలబెట్టిన ట్రాజన్ స్తంభం అడుగున చెక్కిన శాసనాన్ని రోమన్ పెద్దక్షరాలకు ఆదర్శంగా చూపిస్తారు. అందులోని అక్షరాల కొసల సోయగం ఉలి వల్ల వచ్చిందని చాలాకాలం నమ్మారు. అమెరికాలోని ఎడ్వర్డ్ కాటిచ్ దాన్ని కాదన్నాడు. క్రైస్తవ మతాచార్యుడు కాకముందు ఆయన షికాగోలో బోర్డులు రాసి బతికాడు. ఆ అక్షరాలను ముందు ఫ్లాట్ బ్రష్‌తో రాతి మీద రాశారనీ, ఉలి ఆ గీతల వెంటే నడిచిందనీ 1968లో వెలువరించిన పుస్తకంలో వాదించాడు. చాలామంది పండితులు చూడలేకపోయినది ఒక బోర్డు పెయింటరు కంటికి కనిపించింది. ఈ కథ నాకు చాలా ఇష్టం.

కుంచెను నడిపే చేతికీ ఒక సూత్రం ఉంది. గాలిలో ఒక సున్నా చుట్టి చూడండి, తర్వాత బాగా సాగదీసిన కోడిగుడ్డు ఆకారం చుట్టండి. మొనల దగ్గర చేయి దానంతటదే నెమ్మదిస్తుంది, పక్కల దగ్గర వేగం పుంజుకుంటుంది. లక్వానిటి, టెర్జువోలో, వివియాని అనే పరిశోధకులు 1983లో దీన్ని లెక్క కట్టారు. వంపు వ్యాసార్ధానికి ఘనమూలం ఎంతో, చేతి వేగం ఆ నిష్పత్తిలో మారుతుంది. అంటే వంపు బిగిసి వ్యాసార్ధం ఎనిమిదో వంతుకు తగ్గితే వేగం సగానికి పడిపోతుంది. తమాషా ఏమిటంటే, తెర మీద ఒక చుక్కను ఈ సూత్రం ప్రకారం నడిపిస్తే, అది నిజానికి ఆగుతూ పరిగెడుతూ ఉన్నా, చూసేవాళ్లకు ఒకే వేగంతో వెళుతున్నట్టు అనిపిస్తుంది. వివియాని, స్తూకీ కలిసి 1992లో దీన్ని నిరూపించారు. మన చేయి కదిలే తీరునే మన కన్ను సహజమని లెక్కేసుకుంటోంది.

సిరా ఈ వేగాన్ని కాగితం మీద నమోదు చేస్తుంది. చేయి నెమ్మదించిన చోట సిరా ఎక్కువ దిగి గీత నిండుగా వస్తుంది. పరుగెత్తిన చోట వెంట్రుకల మధ్య సందులు తెల్లని చారలుగా బయటపడతాయి. కుంచె ఫాంటులో వంపు దగ్గర నిండుదనం, పొడుగు గీతలో చార ఉంటే కన్ను సంతృప్తి పడుతుంది. ఇవి తారుమారైతే ఎక్కడ తప్పుందో చెప్పలేకపోయినా అది నకిలీ రాత అని మనకు తెలిసిపోతుంది.

అలా తెలియడానికి ఒక కారణం మెదడులో దొరికింది. 2003లో మారియెక్ లాంగ్‌కాంప్, జాన్-లూక్ వెలే, వారి సహచరులు ఎం.ఆర్.ఐ. యంత్రంలో పడుకున్నవాళ్లకు విడి అక్షరాలు చూపించారు. చేయి కదపకుండా ఊరికే చూస్తున్నా, రాసేటప్పుడు పనిచేసే మెదడు భాగంలో, కుడిచేతివాటం వారికి ఎడమవైపున, చలనం కనిపించింది. అక్షరాల్లా ఉండి అక్షరాలు కాని గుర్తులు చూపిస్తే ఆ భాగం మేలుకోలేదు. రెండేళ్ల తర్వాత ఎడమచేతివాటం వారిని పరీక్షిస్తే ఆ చలనం కుడివైపున కనిపించింది. అంటే అక్షరాన్ని చూడటంలో, దాన్ని రాసిన చేతి జ్ఞాపకం కూడా కలిసి ఉంది. వాళ్లు చూపించినవి మామూలు అచ్చక్షరాలే. వాటికే ఇలా ఉంటే, కుంచె పోకడ స్పష్టంగా కనిపించే అక్షరాలకు మనం ఇంకా దగ్గరవుతామని నా నమ్మకం. లాంగ్‌కాంప్ బృందంలోని వెలే పనిచేసింది కూడా మార్సేలోనే. ఎక్స్‌కోఫోన్ తన చేతిరాతను సీసంలో పోత పోయించిన ఊరు అది.

ఇప్పుడు ఆ సీసం దగ్గరికి వద్దాం. అచ్చక్షరం నిజానికి ఒట్టి సీసం కాదు. తగరం, ఆంటిమొనీ కలిపిన మిశ్రమం. ఆంటిమొనీ దానికి గట్టిదనం ఇస్తుంది, చల్లారేటప్పుడు కుదించుకుపోకుండా కాస్తుంది. ఫ్రాన్సులో ఒక్కో దిమ్మె ఎత్తు 23.56 మిల్లీమీటర్లు. పైకొసన తిరగేసిన అక్షరం. ఆ దిమ్మె అంచు దాటి గీత బయటికి సాగితే అది కిందేమీ ఆధారం లేని పలచటి రేకులా ఉండి, ఒత్తిడికి విరిగిపోతుంది. కాబట్టి కలిసే గీత సరిగ్గా దిమ్మె అంచు దాకా వచ్చి ఆగాలి. పక్క దిమ్మె మీది గీత సరిగ్గా అక్కడే, అదే ఎత్తులో, అదే మందంతో, అదే వాలుతో మొదలవ్వాలి. రోమన్ లిపిలో చిన్నక్షరాలు 26. ఏదైనా ఏ అక్షరం పక్కనైనా రావచ్చు కాబట్టి జంటలు 676. అక్షరానికి ఒక్క ఆకారం గీసి ఈ 676 కలయికల్లోనూ అతుకు తెలియకుండా చూడాలి.

అమెరికాలో రాబర్ట్ ఇ.స్మిత్ 1942లో అమెరికన్ టైప్ ఫౌండర్స్ సంస్థకు గీసిన బ్రష్ స్క్రిప్ట్ అప్పటికే ఈ పని చేసి చూపించింది. అందులో అక్షరాలన్నీ ఒద్దికగా, ఒకే వరసలో నడుస్తాయి. ఎక్స్‌కోఫోన్ గొప్పదనం ఆ ఒద్దికను వదిలేయడంలో ఉంది. కలిసే చోటును మాత్రం గట్టిగా పట్టుకుని, మిగతా అక్షరాన్ని ఎగరనిచ్చాడు. మిస్ట్రాల్‌లో ముద్రించిన ఒక మాటను భూతద్దం కింద పెట్టి చూస్తే ఇది అర్థమవుతుంది. అంచులు గరుకుగా ఉండటం వల్ల అతుకు దగ్గర వెంట్రుకవాసి తేడా వచ్చినా అది సిరా పోకడలో కలిసిపోతుంది. అక్షరాలు ఎగుడుదిగుడుగా ఉండటం వల్ల కన్ను కలయిక ఎత్తులోని ఏకరూపాన్ని పసిగట్టదు. రెండేళ్లకు, 1955లో, ఆయనే చోక్ అనే టైపు తెచ్చాడు. అది లావాటి కుంచెతో బలంగా వేసిన గీతల సొగసు. 1968లో గ్రెనోబుల్ శీతాకాల ఒలింపిక్స్ చిహ్నాన్నీ ఆటల గుర్తులనూ గీసిన చేయి కూడా ఆయనదే.

సీసం పోయి ఫిల్ము వచ్చింది, ఫిల్ము పోయి కంప్యూటరు వచ్చింది. కంప్యూటరులో కుంచె ఉండదు, కుంచె గీసిన గీతకు రెండు పక్కలా ఉండే సరిహద్దు మాత్రమే ఉంటుంది. ఆ సరిహద్దును వంపులుగా దాచే గణితం కార్ల కంపెనీల నుంచి వచ్చింది. సిట్రోయెన్ కంపెనీలో పాల్ ద కాస్టెల్జో 1959లో, ఆ తర్వాత రెనో కంపెనీలో పియేర్ బెజియే, కార్ల రేకుల వంపులను అంకెలుగా మార్చే పద్ధతి కనిపెట్టారు. నాలుగు చుక్కలు పెట్టండి. వాటిని వరసగా కలిపితే మూడు గీతలు. ఒక్కో గీత మధ్యబిందువు గుర్తిస్తే మూడు చుక్కలు. వాటిని కలిపే రెండు గీతలకు మధ్యబిందువులు రెండు. ఆ రెంటినీ కలిపిన గీత మధ్యబిందువు ఒక్కటి. అది వంపు మీద ఉంటుంది. మధ్యలో కాకుండా మూడో వంతు దగ్గర, పదో వంతు దగ్గర గుర్తిస్తూ పోతే వంపంతా బయటపడుతుంది. 1984లో అడోబీ వారి పోస్ట్‌స్క్రిప్ట్ అనే అచ్చు భాష ఈ వంపులతోనే అక్షరాలను గీసింది. డొనాల్డ్ నూత్ 1979లో తెచ్చిన మెటాఫాంట్ మాత్రం సరిహద్దును కాక, కదిలే కలాన్నే లెక్కలోకి తీసుకుంది. కుంచె ఫాంట్లకు ఆ ఊహే ఎక్కువ న్యాయం చేస్తుందని నాకనిపిస్తుంది, కానీ అచ్చు రంగం సరిహద్దు గీతల వైపే వెళ్లింది.

అసలు మలుపు 1996లో మైక్రోసాఫ్ట్, అడోబీ కలిసి ప్రకటించిన ఓపెన్‌టైప్ అనే ఫాంటు పద్ధతితో వచ్చింది. ఫాంటులో ఆకారాలే కాక నియమాలు కూడా పెట్టొచ్చు. ‘ఈ అక్షరం తర్వాత ఆ అక్షరం వస్తే మామూలు ఆకారం తీసేసి ఇది వెయ్యి’ అని రాసి పెట్టొచ్చు. ఇంగ్లీషు గొలుసుకట్టు రాసేవారికి తెలుసు, ఎ, ఇ, ఎన్ లాంటి అక్షరాలు కింద ముగుస్తాయి, బి, ఓ, వి, డబ్ల్యు పైన ముగుస్తాయి. కాబట్టి ఎ తర్వాత వచ్చే ఎన్, ఓ తర్వాత వచ్చే ఎన్ ఒకేలా మొదలుకాకూడదు. చేతికి ఇది ఆలోచించకుండానే వస్తుంది. సీసానికి ఇది చేతకాదు, అందుకే అక్కడ అన్నిటికీ సర్దుబాటు ఆకారం ఒక్కటే పెట్టారు. అర్జెంటీనాలోని రొసారియో నగరానికి చెందిన పాబ్లో ఇంపల్లారి 2010లో లాబ్‌స్టర్ ఫాంటు గీస్తూ ఈ సర్దుబాటును పక్కనపెట్టాడు. ఒక్కో అక్షరానికి సందర్భాన్ని బట్టి వేర్వేరు ఆకారాలు, కొన్ని జంటలకు కలిపి ఒకే ఆకారం గీసి, ఎక్కడ ఏది రావాలో నియమాలు రాశాడు. ఉచితంగా ఇవ్వడంతో అది ప్రపంచమంతా దుకాణాల బోర్డులకూ మెనూ కార్డులకూ ఎక్కింది.

ఇదే పద్ధతి ఇంకో దొంగను కూడా పట్టుకుంటుంది. ఒక మాటలో ఒకే అక్షరం రెండుసార్లు పక్కపక్కన వస్తే, చేతిరాతలో ఆ రెండూ ఎప్పుడూ అచ్చంగా ఒకేలా ఉండవు. ఫాంటులో చుక్క తేడా లేకుండా వస్తాయి, రాత కాదని అక్కడే తెలిసిపోతుంది. నెదర్లాండ్స్‌కు చెందిన ఎరిక్ వాన్ బ్లాక్‌లాండ్, యుస్ట్ వాన్ రొసమ్ 1990లో బేవోల్ఫ్ అనే ఫాంటుతో దీనికి ఒక మొండి జవాబు చెప్పారు. అచ్చు వేసిన ప్రతిసారీ అక్షరం అంచులు యాదృచ్ఛికంగా జరుగుతాయి, ఏ రెండు అక్షరాలూ ఒకేలా రావు. ఇప్పటి కుంచె ఫాంట్లు అంత దూరం పోకుండా, రెండు మూడు ఆకారాలను వంతులవారీగా తిప్పి వాడుకుంటున్నాయి.

ఇలాంటి ఫాంటు శీర్షికలకే తప్ప పేజీ నిండా పనికిరాదని పెద్దలు చెప్పడం కేవలం అభిరుచి మాట కాదు. హెర్మన్ బౌమా 1970లో ‘నేచర్’ పత్రికలో ఒక కొలత ప్రకటించాడు. చూపు నేరుగా పడిన చోటు నుంచి ఒక అక్షరం ఎంత పక్కకు ఉందో, ఆ దూరంలో సుమారు సగం మేర దాని చుట్టూ ఖాళీ ఉండాలి. ఆలోపు వేరే అక్షరాలుంటే అన్నీ కలగాపులగమై పోలిక అందదు. వరస చదివేటప్పుడు కన్ను గెంతుతూ, పక్కచూపుతో రాబోయే అక్షరాలను ముందే అందుకుంటుంది. గొలుసుకట్టులో ఆ ఖాళీని గీతలు నింపేస్తాయి, పైగా మందపు గీతల వల్ల చిన్న సైజులో అక్షరాల లోపలి బొరియలు పూడుకుపోతాయి. మూడు నాలుగు మాటలైతే కన్ను నేరుగా చూసి ఆనందిస్తుంది, పేరా అయితే అలసిపోతుంది. డిజైన్ చేసేవారు అక్షరాల మధ్య ఎడం పెంచితే అతుకులన్నీ ఊడిపోతాయన్నది, మాటంతా పెద్దక్షరాల్లో పెడితే ఒకటీ కలవదన్నది కూడా ఇక్కడే చెప్పాలి. ఫ్లెక్సీల మీద ఈ రెండూ చూసినప్పుడల్లా బాధేస్తుంది.

తెలుగుకు వచ్చేసరికి లెక్క మారుతుంది. కరణాల పాత దస్తావేజుల్లో గొలుసుకట్టు రాత ఉండేది, కానీ అచ్చు దాన్ని తీసుకోలేదు. మన అచ్చక్షరాలు పక్కవాటితో కలవవు. కుంచె పోకడ అక్షరం లోపలే తిరగాలి, పైకి తలకట్టులోకి, కిందికి ఒత్తులోకి పాకాలి. తలకట్టు రౌండ్ బ్రష్ కోసమే పుట్టినట్టు ఉంటుంది. పొట్టిగా కిందికి ఒత్తి, కుడిపక్కకు పైకి విసిరితే చాలు. సినిమా టైటిళ్లు, గోడరాతలు, దుకాణం బోర్డులు దశాబ్దాల పాటు ఈ విసురు మీదే బతికాయి. బాపు రాతలో తలకట్టు చూస్తే ఆయన చేయి ఎక్కడ లేచిందో కూడా తెలుస్తుంది. ఆ రాత ఫాంటుగా మారి శుభలేఖల మీదికీ పుస్తకాల అట్టల మీదికీ ఎక్కడంలో ఆశ్చర్యం లేదు.

కానీ తెలుగు ఫాంటు గీయడం అంటే ‘స్త్రీ’ అని రాయగలగడం. కంటికి అది ఒక్క అక్షరం. కంప్యూటరు జ్ఞాపకంలో అది ఆరు సంకేతాలు. స, పొల్లు, త, పొల్లు, ర, దీర్ఘంతో కూడిన గుడి. ఫాంటులోని నియమాలు వీటిని చదివి, స మీది తలకట్టు తీసేసి గుడిదీర్ఘం అతికించి, కింద త ఒత్తునూ ర ఒత్తునూ ఒకదాన్నొకటి తొక్కకుండా కూర్చాలి. లెక్క కోసం హల్లులు 35 అనుకుంటే, హల్లూ ఒత్తూ కలిసిన జంటలే 1225. పన్నెండు గుణింతాలతో హెచ్చిస్తే 14,700. ఇవన్నీ ఎవరూ విడిగా గీయరు. ముక్కలుగా గీసి, ఏ ముక్క ఎక్కడ కూర్చోవాలో నియమాలతో చెబుతారు. మామూలు పాఠ్యపు ఫాంటులో ఈ ముక్కల పని కనిపించదు. కుంచె ఫాంటులో మాత్రం గీత మందం దాన్ని బయటపెట్టేస్తుంది. పెద్ద అక్షరాన్ని కుదించి ఒత్తుగా పెడితే గీత కూడా సన్నబడి, వేరే కుంచెతో రాసినట్టు ఉంటుంది. ఒత్తును ఆ చిన్న కొలతలోనే, అదే కుంచెతో మళ్లీ రాసుకోవాలి.

గుత్తుల పురుషోత్ కుమార్ రూపొందించగా సిలికానాంధ్ర ఉచితంగా అందించిన తెలుగు ఫాంట్లలో లక్కిరెడ్డి అనేది ఈ చేతిరాత ధోరణిలో శీర్షికల కోసం చేసినది. గూగుల్ ఫాంట్స్‌లో ఎవరైనా దించుకోవచ్చు. దించుకున్నాక ‘ప్ర’, ‘గ్ర’, ‘ఘ్ర’ మూడూ పెద్ద సైజులో కొట్టి చూడండి. ర ఒత్తు అక్షరం అడుగున చుట్టుకునే ఒకే ఒక్క కుంచె విసురు. గ సన్నని అక్షరం, ఘ వెడల్పాటిది. బోర్డు పెయింటరు అక్షరం వెడల్పును బట్టి ఆ విసురును సాగదీస్తాడు, బిగిస్తాడు. ఫాంటులో అదే పని జరగాలంటే ర ఒత్తును రెండు మూడు వెడల్పుల్లో విడిగా గీసి, కింది గీత మందం మూడింటిలోనూ సమానంగా ఉంచి, ఏ హల్లుకు ఏది రావాలో నియమం రాయాలి. లాబ్‌స్టర్‌లో ‘ఓ’ అక్షరం పక్కన ‘ఎన్’ను మార్చేది ఏ యంత్రాంగమో, ఘ కింద ర ఒత్తును మార్చేదీ అదే.